నయమైనది మందువలననా?

ప్రశ్న: ఒక మందు పుచ్చుకొన్న పదిమందిలో ఎనిమిదిమందికి నయమైనదని ప్రకటనలో చదివితిని. ఆ మందును నమ్మవచ్చునా?

జవాబు: అంతమాత్రమున నమ్మరాదు. జలుబువంటి వ్యాధులు పెక్కు తమంతట తామే ఉపశమించును గనుక, మందు పుచ్చుకొననివారిలో ఎందరికి నయమైనదో తెలిసినగాని ఆ ఎనిమిదికి అర్థము లేదు. పైగా వైద్యుడు తేరుకొనగలవారినే ఏరి మందిచ్చినచో, ఆ ఫలితము మందునకు గాక ఎంపికకే చెందును. ఈ చిక్కును తొలగించుటకై, 1948లో బ్రిటనులో ప్రకటితమైన క్షయరోగ పరిశోధనమునందు, గణాంకశాస్త్రవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్, ఏ రోగి మందు పొందు వర్గమున, ఏ రోగి పొందని వర్గమున చేరవలెనో యాదృచ్ఛిక సంఖ్యలచే ముందే నిర్ణయించి, ఆ నిర్ణయమును అంటించిన కవరులలో నుంచి, రోగిని అంగీకరించిన పిమ్మటనే కవరు విప్పునట్లు ఏర్పాటు చేసెను. ఆరు మాసములలో స్ట్రెప్టోమైసిన్ అను మందు పొందిన 55 మందిలో నలుగురును, పడకవిశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 మందియు మరణించిరి. ఇంతటి అంతరము కేవలము కాకతాళీయముగా కలుగుటకు నూటికి ఒక పాలైనను అవకాశము లేదు.

కావున ఇట్టి ప్రకటన కంటబడినప్పుడెల్ల, మందు లేనివారి గతి యేమైనదనియు, ఉభయవర్గములను ఎవరు, ఏ పద్ధతిని విభజించిరనియు తప్పక అడుగుడు. సమాధానము లేనిచో ఆ మందునకు మీ ధనమును, ముఖ్యముగా మీ ఆరోగ్యమును, అప్పగింపకుడు.