కమిట్ చేసినా జిరాలో కనబడదేం?

ప్రశ్న: మా ఫైనలియర్ ప్రాజెక్టు కోడు గిట్‌హబ్‌లో, పనుల జాబితా జిరాలో ఉన్నాయి. రెండూ కలిపాం. అయినా కమిట్లు టికెట్లో కనబడడం లేదు. ఎందుకని?
– ఒక విద్యార్థిని, పుత్తూరు

జవాబు: కలిపినంత మాత్రాన ఏ కమిట్ ఏ టికెట్‌దో జిరాకు తెలీదమ్మా. కమిట్ మెసేజీలో టికెట్ కీ ఉండాలి: ప్రాజెక్టుకిచ్చిన ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, అడ్డగీత, నంబరు, మధ్యలో ఖాళీ లేకుండా. మెసేజీతోనే టికెట్ మూసెయ్యాలంటే ఇంకో మెలిక ఉంది. గిట్‌లోని ఈమెయిలూ జిరా ఖాతా ఈమెయిలూ ఒకటే కావాలి. ల్యాబ్ కంప్యూటర్లలో ఇక్కడే చిక్కు: అంతకుముందు వాడినవాళ్ల ఈమెయిలు అందులోనే ఉండిపోతుంది. ముందు అది చూసుకోండి.

నన్నడిగితే, నలుగురి టీముకు జిరా అక్కర్లేదు, గిట్‌హబ్ ఇష్యూస్ చాలు. మెసేజీలో 'ఫిక్సెస్' అని ఇంగ్లీషులో రాసి, పక్కనే హ్యాష్ గుర్తుతో నంబరు ఇవ్వండి. ఆ కోడు మెయిన్ బ్రాంచిలో కలవగానే ఇష్యూ దానంతటదే మూసుకుంటుంది.