జవాబు ఎక్కడ ఆగినది?
(సెల్‌ఫోనులో వెబ్‌సైటు తెరుచుకొననప్పుడు చేయదగిన పరిశీలన)

దరఖాస్తు, చిరునామా, జవాబు, రసీదు - ఈ నాలుగు మాటలు పారసీకము, అరబ్బీ భాషల నుండి వచ్చి తెలుగులో స్థిరపడినవి. ఇంటర్నెట్ పనిచేయు విధానమును వివరించుటకు ఈ నాలుగు మాటలే చాలును. మన ఫోను ఒక వెబ్‌సైటుకు దరఖాస్తు పంపును. అది చేరవలసిన చిరునామాను ముందుగా వెదకి తెలిసికొనును. అవతలి కంప్యూటరు, అనగా సర్వరు, జవాబు పంపును. మనము రుసుము చెల్లించినచో రసీదు వచ్చును. ఈ రాకపోకలలో ఎక్కడ ఆటంకము కలిగినను తెర మీద ఒక దోష సందేశము కనబడును. విద్యార్థులలో పలువురు దానిని చదువక, "నెట్ లేదు" అని ఒక్క మాటతో తేల్చివేసి, మరల మరల అదే బటను నొక్కుదురు. పరీక్ష రుసుమునకో, ఉపకార వేతనమునకో ఆఖరి తేదీ అయిన నాడు ఈ అలవాటు వలన డబ్బు, కాలము రెండును నష్టమగును.

విజయనగరము నుండి గరివిడికి రావలసిన గూడ్సు బండి రాలేదనుకొనుడు. స్టేషను మాస్టరు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: బండి నెల్లిమర్ల దాటినదా? దాటినచో అంతవరకు గల మార్గము బాగున్నట్లే. లోపమును ఆ తరువాతనే వెదకవలెను. వెబ్‌సైటు తెరుచుకొననప్పుడు మనము అడుగవలసిన ప్రశ్నయు ఇట్టిదే. దోష సందేశము మన దరఖాస్తు ఎంతవరకు పోయినదో తెలుపు సాక్ష్యము.

మొదటి మజిలీ: ఫోను, టవరు

"నో ఇంటర్నెట్" అను సందేశము వచ్చినచో దరఖాస్తు ఇల్లు కదలలేదని సామాన్యముగా గ్రహింపవచ్చును. వేరొక వెబ్‌సైటు తెరిచి చూడుడు. ఏదియు తెరుచుకొననిచో లోపము ఫోనులోనో, టవరులోనో, రీచార్జిలోనో ఉండును. ఏరోప్లేన్ మోడ్‌ను అర నిమిషము వేసి తీయుట మొదటి చికిత్స. సిమ్మును ఒక ఫోను నుండి వేరొక ఫోనునకు మార్చినప్పుడు ఏపీఎన్ అను అమరిక సరిగా ఏర్పడకపోవచ్చును. సెట్టింగులలో దానిని మొదటి స్థితికి తెచ్చినచో పని జరుగును.

ఇచట ఒక భ్రమను తొలగించుకొనవలెను. ఫోను పైభాగమున కనబడు గీతలు ఫోనునకు టవరునకు నడుమ గల సంకేత బలమును మాత్రమే తెలుపును. టవరుకు ఆవలి మార్గము గురించి గాని, దానిపై ఎంతమంది ఆధారపడి ఉన్నారన్నది గాని అవి తెలుపవు. మరియు అనేక పథకములలో రోజువారీ డేటా ముగిసిన పిదప వేగము సెకనుకు 64 కిలోబిట్లకు, అనగా 8 కిలోబైట్లకు, తగ్గును. 2,000 కిలోబైట్ల పుట ఒకటి ఈ వేగమున రావలెనన్న 250 సెకనులు, అనగా నాలుగు నిమిషములకు పైగా పట్టును. గీతలు నిండుగనే ఉండును. కాని పుట పూర్తిగా రాకమునుపే "టైమ్డ్ అవుట్" అను సందేశము రావచ్చును.

రెండవ మజిలీ: చిరునామా

మనము వ్రాయు వెబ్‌సైటు పేరును అంకెల చిరునామాగా మార్చు వ్యవస్థకు డీఎన్ఎస్ అని పేరు. దీనిని 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించెను. సందేశములో "డీఎన్ఎస్" అను అక్షరములు కనబడినచో చిరునామా దొరకలేదని అర్థము. పేరులో అక్షరదోషము ఉన్నదేమో మొదట చూడుడు. పిమ్మట ఫోను సెట్టింగులలో "ప్రైవేట్ డీఎన్ఎస్" అనుచోట ఎవరైనను వేరొక పేరు వ్రాసియుంచిరేమో చూచి, "ఆటోమేటిక్" అని మార్చుడు.

మూడవ మజిలీ: నమ్మకము

చిరునామా దొరికిన తరువాత సర్వరు తన గుర్తింపు పత్రమును చూపును. దానికి కాలపరిమితి కలదు. ఫోనులో తేదీ తప్పుగా ఉన్నచో చెల్లుబాటగు పత్రము కూడ చెల్లనట్లు తోచును. కావున "డేట్ ఇన్వాలిడ్" అను హెచ్చరిక వచ్చినచో ముందు ఫోను తేదీని సరిచేయవలెను. తేదీ సరిగా ఉండియు హెచ్చరిక పోనిచో, ఆ పుటలో ఆధార్ సంఖ్యను గాని బ్యాంకు వివరములను గాని వ్రాయరాదు.

నాలుగవ మజిలీ: సర్వరు

మూడంకెల సంఖ్య కనబడినచో దరఖాస్తు అవతలకు చేరి, అచటి నుండి జవాబు వచ్చినదని సామాన్యముగా భావింపవచ్చును. అప్పుడు ఫోనును నిందించి ప్రయోజనము లేదు. 4తో మొదలగు సంఖ్య అడిగిన తీరులో లోపమున్నదని, 5తో మొదలగు సంఖ్య సర్వరు వైపున లోపమున్నదని సూచించును. 404 అనగా ఆ పుట అచట లేదు. 403 అనగా ప్రవేశము నిరాకరింపబడినది. 429 అనగా మితిమీరి అడిగితిరి. 503 అనగా సర్వరు ప్రస్తుతము సేవ చేయజాలదు. 504 అనగా నడుమనున్న కంప్యూటరునకు వెనుకనున్న కంప్యూటరు నుండి సకాలములో జవాబు అందలేదు.

మనము ఏ తప్పు చేయకున్నను 403 గాని 429 గాని రావచ్చును. పాత పద్ధతిలో గల అంకెల చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. అవి చాలనందున మొబైల్ సంస్థలు అనేక వినియోగదారులను ఒకే చిరునామా వెనుక నిలుపుచున్నవి. వారిలో ఒకరు అతిగా అడిగినచో అందరికిని తలుపు మూతపడవచ్చును. ఏరోప్లేన్ మోడ్ వేసి తీసినచో ఒక్కొక్కప్పుడు వేరొక చిరునామా లభించును. వీపీఎన్ వాడుచున్నచో ఆపివేయవలెను. విదేశీ చిరునామాలను అనుమతింపని వెబ్‌సైట్లు కలవు.

రెండు ఉదాహరణములు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినప్పుడు ఉత్తరాంధ్రలో విద్యుత్తు, టెలిఫోను వ్యవస్థలు తీవ్రముగా దెబ్బతిన్నవి. టవరే పనిచేయనప్పుడు ఫోనులో ఏ అమరిక మార్చినను ఫలము లేదు. 2021 అక్టోబరు 4 రాత్రి సంగతి వేరు. మన కాలమానము ప్రకారము సుమారు 9 గంటల నుండి దాదాపు ఆరు గంటలపాటు ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ప్రపంచమంతట నిలిచిపోయినవి. ఆ సంస్థ తన సొంత నిర్వహణ పనిలో చేసిన పొరపాటు వలన దాని డీఎన్ఎస్ సర్వర్లకు దారి తెగిపోయినది. మొదటి సందర్భమున ఏ వెబ్‌సైటుకును దారి లేదు. రెండవ సందర్భమున తక్కిన వెబ్‌సైట్లకు పోవుటకు టవరు, డేటా యథాతథముగ ఉన్నవి. వేరొక వెబ్‌సైటు తెరిచి చూచు చిన్న పరీక్ష ఈ రెండింటి భేదమును తెలుపును.

అన్నింటికంటె ముఖ్యమైనది

జవాబు రాకపోవుట వేరు. దరఖాస్తు చేరకపోవుట వేరు. రుసుము చెల్లించుటకు బటను నొక్కిన పిదప 504 వచ్చినను, తెర తెల్లబడినను, మన డబ్బు పోయియుండవచ్చును. రసీదు మాత్రమే దారిలో ఆగియుండవచ్చును. అట్టి సమయమున మరల నొక్కినచో రుసుము రెండుసార్లు పోవు ప్రమాదము కలదు. కావున మొదట బ్యాంకు ఖాతాలో డబ్బు తగ్గినదా యని చూడుడు. పిమ్మట వెబ్‌సైటులోనికి తిరిగి పోయి చెల్లింపు స్థితిని చూడుడు. డబ్బు తగ్గియు రసీదు రానిచో లావాదేవీ సంఖ్యను, తేదీని, సమయమును వ్రాసికొని, దోష సందేశపు చిత్రమును భద్రపరచి, సంబంధిత కార్యాలయమునకు ఫిర్యాదు చేయుడు. "నెట్ రాలేదు" అను ఫిర్యాదుకు బలము లేదు. "ఈ తేదీన, ఈ సమయమున, ఈ సంఖ్యతో సర్వరు జవాబిచ్చినది" అను ఫిర్యాదుకు బలము కలదు.

పరిశీలనలో ఒకసారి ఒక్క మార్పే చేయవలెను. అదే ఫోనులో వేరొక వెబ్‌సైటు, అదే వెబ్‌సైటు వేరొక సంస్థ సిమ్ముతో - ఈ రెండు పరీక్షలతో అనేక సందేహములు తీరును. కళాశాల కమిటీ వారు గ్రంథాలయములో రెండు వేర్వేరు సంస్థల కనెక్షన్లు ఉంచి, ఆఖరి తేదీకి వారము ముందే విద్యార్థుల చేత దరఖాస్తులు పూర్తి చేయించినచో మేలు. గ్రామముల నుండి వచ్చు పేద విద్యార్థికి ఒక తేదీ తప్పినచో ఒక సంవత్సరపు ఉపకార వేతనమే తప్పవచ్చును. ఆ తెర మీది ఒక్క పంక్తిని ఓపికతో చదువుట కూడ విద్యలో భాగమే.