అది కలివికోడేనా?

ప్రశ్న: మాది సిద్ధవటం దగ్గర పల్లె. రాత్రి బండి మీద వస్తుంటే మట్టిరోడ్డుపై ఒక పిట్ట నేలకు కరుచుకుని కూర్చుంది. లైటు పడగానే కళ్లు ఎర్రగా మెరిశాయి. దగ్గరికి వెళ్లేదాకా కదలక, ఒక్కసారిగా ఎగిరిపోయింది. కలివికోడేనంటారా?

జవాబు: కాదండీ, మీరు చెప్పిన తీరునుబట్టి అది నైట్‌జార్. దాని కాళ్లు మరీ పొట్టి, పరుగెత్తలేదు. అందుకే అలా నేలకు అతుక్కుని కూర్చుంటుంది.

కలివికోడి పొడుగు కాళ్లతో నిటారుగా నిలబడుతుంది, ముందు పరుగు తీస్తుంది. కంటిపైన వెడల్పాటి తెల్లచార, గొంతు కింద ఇటుకరంగు మచ్చ, రొమ్ముమీద రెండు గోధుమరంగు పట్టీలు ఉంటాయి. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. పసుపు కళ్లతో, ఒళ్లంతా చారలతో అంతకంటే బాగా పెద్దది కనిపిస్తే అది థిక్-నీ అనే మరో పిట్ట.

అయినా మీ అనుమానం అర్థంలేనిది కాదు. 1900 తర్వాత అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ దొరికింది మీ ప్రాంతంలోనే, రెడ్డిపల్లె దగ్గర. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. దట్టమైన అడవి దానికి పనికిరాదు. ముళ్లపొదలు, వాటి మధ్య ఖాళీ నేల కావాలి. ఆ పొదల్ని బీడుభూమి అనుకుని చదును చేసేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఈసారి కలివికోడిలాంటిది కనిపిస్తే వెంటపడకండి. చీకటి పడగానే వినిపించే దాని రెండు స్వరాల చిన్న కూతను ఫోన్‌లో రికార్డు చేసి అటవీశాఖవారికి ఇవ్వండి.