మళ్లీ చూడటమే వైద్యం

లాడ్ బజార్,
హైదరాబాద్

అమ్మాయీ,

మాజీ సైనికుల ఆసుపత్రిలో రుమటాలజీ విభాగం బాధ్యత నీకు అప్పగించారన్న కబురు ఇంటిల్లిపాదికీ సంతోషం కలిగించింది. ఆశీర్వదించి ఊరుకోకుండా, వైద్య వృత్తిలో పెద్దవాడిగా ఒక మాట చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను. విభాగం కొత్తగా చేతికొచ్చినప్పుడు ఎవరి చూపైనా ముందు పరికరాల మీదకు, ఖరీదైన ఇంజెక్షన్ల మీదకు, ఖాళీ పోస్టుల మీదకు పోతుంది. అవి అక్కర్లేదని నేను అనను. కానీ కీళ్లవాతం లాంటి జీవితకాలపు జబ్బుల్లో మొదటి చీటీలో ఏ మందు రాశామన్నదాని కన్నా, ఆ మనిషిని మళ్లీ ఎప్పుడు చూశాం, చూసినప్పుడు జబ్బును కొలిచామా, కొలిచాక వైద్యం మార్చామా అన్నదే ఫలితాన్ని ఎక్కువగా తేలుస్తుంది. మంచి వైద్యురాలు తన ఎదుట కూర్చున్న రోగికి ఈ పని చేస్తుంది. మంచి అధిపతి, తన ఎదుట లేని రోగికి కూడా ఇది జరిగేలా చూస్తుంది. నువ్వు ఇప్పుడు దాటాల్సిన గడప అదే.

ఇది నా నమ్మకం మాత్రమే కాదు. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన గ్లాస్గో అధ్యయనం నీకు తెలిసిందే. దాన్ని అధిపతి కళ్లతో మరోసారి చదువు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ మొదలై ఐదేళ్లు దాటని 111 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు మామూలు పద్ధతిలో మూడు నెలలకోసారి ఓపీకి వచ్చింది. రెండో జట్టును నెలనెలా చూశారు. వచ్చిన ప్రతిసారీ వాచిన కీళ్లను, నొప్పి పెట్టే కీళ్లను లెక్కపెట్టి, జబ్బు తీవ్రతను ఒక అంకెగా వేశారు. ఆ అంకె దిగకపోతే ముందే నిర్ణయించుకున్న వరసలో మందు పెంచారు. పద్దెనిమిది నెలలు గడిచేసరికి మామూలు జట్టులో 16 శాతం మందికి జబ్బు పూర్తిగా అణిగితే, నెలనెలా చూసిన జట్టులో 65 శాతం మందికి అణిగింది. ఎక్స్‌రేల్లో కీళ్ల అరుగుదల కూడా వీళ్లలోనే తక్కువ. వాడినవి పాత మాత్రలు, కీలులోకి ఇచ్చే పాత ఇంజెక్షన్లే. మొత్తం మీద ఖర్చు కూడా పెరగలేదు. అంత తేడా తెచ్చినది క్యాలెండరు, కొలత, వెనకాడకుండా మందు పెంచే అలవాటు. ఈ మూడూ ఒక అధిపతి నిర్ణయంతో వచ్చేవే.

దేశం కోసం ప్రాణాలొడ్డిన వాళ్లకు పాత మాత్రలా, కొత్త మందులు ఇవ్వవద్దా అని నిన్ను ఎవరైనా నిలదీయవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మాజీ సైనికుల ఆసుపత్రుల నుంచే వచ్చింది. అమెరికాలో ఆ ఆసుపత్రుల వ్యవస్థ ముందుండి నడిపిన ఒక పరీక్ష ఫలితాలు 2013లో వెలువడ్డాయి. మెథోట్రెక్సేట్ ఒక్కటే సరిపోని 353 మందిలో కొందరికి దానితోపాటు సల్ఫసాలజైన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు చేర్చారు, మిగిలినవాళ్లకు ఖరీదైన ఎటనర్‌సెప్ట్ ఇంజెక్షన్ చేర్చారు. 24 వారాలకు మెరుగుపడని వాళ్లలో అటువాళ్లను ఇటు, ఇటువాళ్లను అటు మార్చారు. అలా మారినవాళ్లు రెండు వైపులా 27 శాతమే. 48 వారాలకు చూస్తే మూడు మాత్రల పద్ధతి ఇంజెక్షన్‌కు తీసిపోలేదు. ఈ ఫలితాన్ని చవక మందు గెలుపుగా మాత్రమే చదవకు. 24వ వారంలో ప్రతి రోగినీ లెక్క ప్రకారం చూసి మార్చడమే ఆ పరీక్షకు వెన్నెముక. ఆ వారం జారిపోతే చవక మందూ పనిచేయదు, ఖరీదైన మందూ పనిచేయదు. కాబట్టి సైనికుడికి మనం చూపే గౌరవం మందు ధరలో ఉండదు. మెరుగుపడకపోతే ఆర్నెల్లలోగా మారుస్తామన్న హామీని నిలబెట్టుకోవడంలో ఉంటుంది.

ఈ వాదనకు ఒక హద్దు ఉంది, అది నీకు చెప్పకుండా దాటవేయకూడదు. వెన్నెముకను పట్టే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌లో మెథోట్రెక్సేట్ లాంటి మాత్రలు వెన్నుకు ఉపకరించవు. నొప్పి, వాపు తగ్గించే మాత్రలతో, వ్యాయామంతో అదుపులోకి రానివాళ్లకు వాపును రేపే టీఎన్ఎఫ్ అన్న ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ల లాంటివి అవసరమే. వాటి కోసం పైవాళ్లతో పోట్లాడు, వెనక్కి తగ్గకు. మన దేశంలో జవాను చాలాసార్లు నలభై లోపే ఇంటికి వచ్చేస్తాడు. ఇక్కడ మాజీ సైనికుడంటే ముసలివాడనుకోవడం పొరపాటు. స్పాండిలైటిస్ మొదలయ్యేది ఎక్కువగా ఇరవైల్లో, ముప్పైల్లో, అంటే అతను యూనిఫాంలో ఉన్న రోజుల్లో. ఈ నొప్పి విశ్రాంతితో పెరిగి కదలికతో తగ్గుతుంది కనుక, రోజూ పీటీ, పరేడ్ చేసినన్నాళ్లూ అది అణిగి ఉండి, సెక్యూరిటీ గార్డుగా కుర్చీలో కూర్చున్న నాడు బయటపడితే ఆశ్చర్యం లేదు. తెల్లవారుజామున నడుము పట్టేసి లేచే నలభై ఏళ్ల మనిషిని "వయసు మీద పడుతోంది" అని పంపేసే విభాగానికి ఏ ఇంజెక్షన్ తెప్పించినా ప్రయోజనం ఉండదు. ఇంజెక్షన్ ఇవ్వాలన్నా, క్షయ ఇంత విస్తారంగా ఉన్న మన దేశంలో, ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష, తరవాత జ్వరం మీద, బరువు మీద కన్ను ఉండాల్సిందే. ఖరీదైన మందుకు మళ్లీ చూడటం మరింత అవసరం.

ఇంకో సంగతి, సైనికుల ఆసుపత్రి అన్న బోర్డు చూసి ఎవరూ అనుకోనిది. 2003 ఏప్రిల్ 1న మొదలైన మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్‌లో మాజీ సైనికుడితోపాటు అతని భార్య, ఆధారపడిన పిల్లలు, తల్లిదండ్రులు, అతను పోయాక భార్య లబ్ధిదారులు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఆడవాళ్లకు మగవాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది, లూపస్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అంటే నీ విభాగం తలుపు ముందు ఎన్నడూ తుపాకీ పట్టని చేతులే ఎక్కువ కనిపిస్తాయి. ఈ జబ్బు ముందుగా పట్టేది వేళ్ల కణుపులను, మణికట్లను. ఈ వీధిలో గాజులు చేసే చేతులను తలచుకుంటే దాని అర్థం తెలుస్తుంది. బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరచి, వేళ్లతో తిప్పి, చిన్న చిన్న అద్దాలూ రాళ్లూ ఒక్కొక్కటిగా పొదిగే పనికి బొటనవేలు, చూపుడువేలు కలవకపోతే కూలి లేదు. లక్క వేడిగా ఉన్నప్పుడే మాట వింటుంది, చల్లారాక విరుగుతుంది తప్ప వంగదు. కీళ్లవాతమూ అంతే, మొదటి నెలల్లో మందుకు లొంగినంతగా కీలు అరిగిపోయాక లొంగదు. అందుకే భర్త చీటీ కోసం వచ్చి పక్క కుర్చీలో మౌనంగా కూర్చున్న ఇల్లాలిని, "పొద్దున లేవగానే పిడికిలి బిగుస్తుందా అమ్మా" అని అడగడం నీ ఓపీలో రివాజు కావాలి.

ఇక అసలు చిక్కు. మాజీ సైనికుడు సాధారణంగా ముందు ఈసీహెచ్‌ఎస్ పాలిక్లినిక్‌కు వెళ్లాలి, అక్కడ రెఫరల్ రాయించుకోవాలి, ఆ తరవాత మిలిటరీ ఆసుపత్రికో, పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రికో రావాలి. పాతబస్తీలో ఉండేవాడు మూసీ దాటి తిరుమలగిరి దాకా పోవాల్సి రావచ్చు. నువ్వు రాసిన మందు మళ్లీ పాలిక్లినిక్ కౌంటరులో దొరకాలి. ఈ గొలుసులో ప్రతి లంకె దగ్గరా మనిషి జారిపోయే అవకాశం ఉంది. అక్కడి డాక్టర్లను తప్పుపట్టి లాభం లేదు. వాళ్లకు ఒక పేజీ కాగితం రాసి పంపు. ఎలాంటి కీళ్లనొప్పిని, ఏ పరీక్షలతో, ఎన్ని రోజుల్లో నీ దగ్గరకు పంపాలో అందులో ఉండాలి. మెథోట్రెక్సేట్ విషయంలో మరీ జాగ్రత్త. అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదకు వస్తుంది. చీటీ మీద "వారానికొకసారి" అని రాస్తే చాలదు, ఏ రోజున వేసుకోవాలో తెలుగులోనో ఉర్దూలోనో హిందీలోనో రాసి, ఇంట్లో ఒకరికి చదివి వినిపించాలి. రక్త పరీక్షల తేదీ కూడా అదే కాగితం మీద ఉండాలి. పిల్లలు కనే వయసు ఆడవాళ్లకు ఆ మందు గురించి విడిగా చెప్పాలి.

కిటకిటలాడే ఓపీలో నెలనెలా చూడటం ఎలా కుదురుతుందని నువ్వు అడుగుతావు. అందరినీ నువ్వే చూడాలనుకుంటే కుదరదు. 2018లో వచ్చిన నాటింగ్‌హామ్ అధ్యయనం దీనికి దారి చూపుతుంది. గౌట్ ఉన్న 517 మందిలో సగం మందిని శిక్షణ పొందిన నర్సులు చూశారు. జబ్బు ఎందుకు వస్తుందో ఓపికగా చెప్పి, యూరిక్ యాసిడ్ కొలుస్తూ మందు మోతాదు మెల్లగా పెంచారు. రెండేళ్లకు వాళ్లలో 95 శాతం మంది యూరిక్ యాసిడ్ 6 కన్నా దిగువకు వచ్చింది, మామూలుగా డాక్టర్ల దగ్గరకు వెళ్లినవాళ్లలో 30 శాతానికే వచ్చింది. మాజీ సైనికుల్లో గౌట్‌ను క్యాంటీన్ రమ్ ఖాతాలో వేసి, రెండు చీవాట్లు పెట్టి పంపేయడం సులువు. తాగుడు తగ్గించమని చెప్పాల్సిందే, కానీ చాలామందికి జబ్బు తగ్గేది అల్లోప్యూరినాల్ మోతాదు లక్ష్యం చేరేదాకా పెంచినప్పుడే. నీ నర్సింగ్ సిబ్బందికి కీళ్లు లెక్కపెట్టడం నేర్పు, పేరు పెట్టి బాధ్యత అప్పగించు, వాళ్ల అంకెను నమ్ము. అధికారం పంచుకుంటే నీ స్థాయి తగ్గదు, నీ చూపు అందని చోటికి కూడా వైద్యం అందుతుంది.

ఇంకో అభ్యంతరం చాలా మర్యాదగా వస్తుంది: "వీళ్లు సైనికులు, చెబితే చేస్తారు." ఆ నమ్మకంతో జాగ్రత్తగా ఉండు. ఆదేశం పాటించే అలవాటుతోపాటు నొప్పి దాచుకునే అలవాటూ సైన్యం నేర్పుతుంది. "ఠీక్ హై సాబ్" అన్న మాట మీద వైద్యం నడపకు, కీళ్లను తాకి చూడు. పైగా నీ దగ్గరకు వచ్చే మనిషి నీ మందు ఒక్కటే వాడుతున్నాడనుకోకు. చార్మినార్ పక్కనే నిజాం కాలపు యునానీ ఆసుపత్రి ఉంది. కీళ్లనొప్పులకు అక్కడికి వెళ్లడం ఈ ఊళ్లో తరతరాల అలవాటు. ఆ సంప్రదాయాన్ని తీసిపారేయకు. యునానీ హకీములు వాడే సురంజాన్ జాతి మొక్క నుంచే మనం గౌట్‌కు ఇచ్చే కోల్చిసిన్ వచ్చింది. ప్రమాదమంతా పేరూ ఊరూ లేని పొడుల్లో ఉంది. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటే రెండు రోజుల్లో హాయినిచ్చి రెండేళ్లలో ఎముకలు గుల్ల చేస్తుంది. కోప్పడితే దాచేస్తారు, ఆదరంగా అడిగితే సంచిలోంచి తీసి చూపిస్తారు. ఆ ప్రశ్న కూడా ప్రతిసారీ అడగాల్సిందే, ఒక్కసారి అడిగి వదిలేసేది కాదు.

రాతకోతల విషయం చిన్నదిగా చూడకు. నొప్పి ఏ ఏడు, ఏ పోస్టింగులో మొదలైందో నీ కేసు షీట్‌లో రాసే ఒక్క వాక్యం, వికలాంగ పెన్షన్ దగ్గర మాజీ సైనికుడి ఇంటికి అన్నం పెట్టగలదు. సైన్యంలో చేరినప్పుడు రికార్డులో లేని జబ్బు సర్వీసులో వచ్చినట్లే భావించాలని, కాదంటే వైద్య బోర్డు కారణాలు చూపాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నువ్వు న్యాయవాదివి కానక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు, తేదీతో రాస్తే చాలు.

మొదటి ఆరు నెలల్లో కొత్త యంత్రం కోసం ఫైలు కదిలించే ముందు ఒక రిజిస్టరు తెరిపించు. రుమటాయిడ్, స్పాండిలైటిస్, గౌట్, లూపస్ రోగులందరి పేర్లూ, చివరిసారి వేసిన అంకె, తరవాతి తేదీ అందులో ఉండాలి. తేదీ దాటి రానివాళ్ల పేర్లు ప్రతి శనివారం నీ బల్ల మీదకు రావాలి, వాళ్లకు ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. రోగులు ఎంతమంది వచ్చారన్న లెక్కతో తృప్తిపడకు, ఎంతమంది జబ్బు అణిగిందన్న లెక్క అడుగు. ఆ లెక్క మొదట్లో నిన్ను బాధపెడుతుంది, అయినా సిబ్బంది అందరి ముందూ చదువు. మిలిటరీ వైద్యంలో బదిలీలు తప్పవు. నువ్వు వెళ్లిన మర్నాడు కొత్తగా వచ్చే డాక్టరు ఆ రిజిస్టరు తెరిచి, ఈ రోజు ఎవరిని చూడాలో, ఎవరికి మందు మార్చాలో తెలుసుకోగలిగితే నువ్వు విభాగాన్ని నడిపినట్టు. విభాగం నీ జ్ఞాపకశక్తి మీద నడిచినన్నాళ్లూ అది నీ ప్రాక్టీసు మాత్రమే. అలాంటి విభాగాన్ని నిలబెట్టే ఓపిక, ఆరోగ్యం నీకు కలగాలని దీవిస్తూ,

నీ పెదనాన్న