మూలము – హాషియా: పీడీఎఫ్ పత్రాలలో వ్యాఖ్యారచన

ప్రాచీన గ్రంథాలకు టీకలు రచించిన తెలుగు పండితులు గాని, అరబ్బీ, పారశీక గ్రంథాల అంచులలో హాషియాలు వ్రాసిన ఆలిములు గాని ఒక నియమాన్ని పాటించారు. మూలం వేరు, వ్యాఖ్య వేరు. లేఖకుడు ఏమరుపాటున అంచులోని మాటను మూలంలోకి ఎక్కిస్తే అది ప్రక్షిప్తమవుతుంది. ఈ ప్రమాదం కంప్యూటరు యుగంలోనూ తొలగలేదు.

అడోబీ సంస్థ 1993లో వెలువరించిన పీడీఎఫ్ 2008లో అంతర్జాతీయ ప్రమాణమైనది. అందులో పుటలోని పాఠం ఒకచోట, దానిపై వ్యాఖ్యల పట్టిక వేరొకచోట ఉంటాయి. ప్రతి వ్యాఖ్యకూ దాని రకం, పుటపై దాని స్థానాన్ని తెలిపే నాలుగు సంఖ్యలు ఉంటాయి. వ్యాఖ్య పాఠం, వ్రాసినవారి పేరు, తేదీ కూడా చేర్చవచ్చు. కనుక వ్యాఖ్యను తొలగించినా మూలానికి హాని లేదు.

విజయనగరంలో గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ నాటకమే మనకు తగిన అభ్యాసం. 1897 నాటి ప్రథమ ముద్రణను ఆయన విస్తారంగా మార్చి 1909లో తిరిగి ప్రకటించారు. రెండింటి భేదాలను గుర్తించదలచిన విద్యార్థి పైథాన్ భాషలోని పైమ్యూపీడీఎఫ్ వంటి లైబ్రరీని ఉపయోగించవచ్చు. క్రమం ఇది: పత్రాన్ని తెరవాలి, పుటలో కావలసిన పదాన్ని వెదకాలి, దొరికిన స్థానంపై రంగు గుర్తు ఉంచాలి, దానికి వ్యాఖ్యనూ తన పేరునూ జతపరచాలి, వేరొక పేరుతో భద్రపరచాలి. పిదప అన్ని పుటల వ్యాఖ్యలను వరుసగా చదివించి పట్టికగా తీస్తే వ్యాసానికి సామగ్రి సిద్ధమవుతుంది.

ఇందులో కొన్ని చిక్కులు కలవు. స్కాన్ చేసిన పాత పుస్తకంలో ఉన్నది బొమ్మ మాత్రమే, అక్షరాలు కావు. వెదికితే ఏమీ దొరకదు. అప్పుడు స్థానాన్ని కొలిచి ఇవ్వాలి. పీడీఎఫ్ ప్రమాణం పుట అడుగున ఎడమ మూల నుండి, అంగుళానికి 72 భాగాలుగా కొలుస్తుంది. ఈ లైబ్రరీ పైమూల నుండి కొలుస్తుంది. ఈ భేదం మరచితే అడుగున పడవలసిన గుర్తు పైన పడుతుంది. యూనికోడ్‌కు పూర్వపు తెలుగు ఫాంట్లతో కూర్చిన పత్రాలలో కంటికి కనబడే పదం కూడా వెదుకులాటకు చిక్కదు.

మరొకటి అనుభవంతో చెప్పుచున్నాను. ఒకసారి నేను ఒక విద్యార్థి వ్యాసంపై నా అభిప్రాయాలను టైపు చేసి, వ్యాఖ్యలను పుటలో శాశ్వతంగా కలిపివేసి పంపాను. ముద్రణకు పాఠం ఎత్తినప్పుడు నా వాక్యమొకటి అతని వాక్యంగా అచ్చయింది. అతడు అంగీకరించని అభిప్రాయం అతని పేర నిలిచిపోయింది. తప్పు నాదే.

కావున విద్యార్థులారా, మూలప్రతిని తాకకుండా ఉంచండి. ప్రతి వ్యాఖ్యకూ మీ పేరు పెట్టండి. వ్యాఖ్యలను పుటలో కలిపివేయక తప్పనినాడు విడి ప్రతిని దాచుకొనండి. పరుల రచనపై మన అభిప్రాయం చెప్పవచ్చును. దానిని వారి నోట పలికించరాదు.