టూ వీల్ డ్రైవ్ పికప్‌ను ఫోర్ బై ఫోర్‌గా మార్పిస్తే?

ప్రశ్న: మాది పాడేరు దగ్గరి పల్లె. పన్నెండేళ్ల నాటి పికప్‌లో సంతకు పసుపు, అల్లం బస్తాలు తోలుతుంటాను. వానాకాలంలో మట్టి దారి ఎక్కేచోట వెనక చక్రాలు ఉత్తినే తిరుగుతాయి, బండి కదలదు. పాత ఫోర్ బై ఫోర్ బండి సామాను తెచ్చి బిగిస్తానని ఒక మెకానిక్ అంటున్నాడు. ఆర్సీ సంగతి తర్వాత చూసుకోవచ్చంటున్నాడు. చేయించుకోవచ్చా?
- ఒక పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: వద్దండి. మీ మెకానిక్ పనిమంతుడే కావచ్చు. కానీ ఈ పనికి చట్టం అడ్డు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ఏమంటుందంటే, ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట నిర్దేశించినవాటికి తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఇదే తేల్చి చెప్పింది. కంపెనీ నిర్దేశించిన అసలు స్వరూపాన్ని మార్చడం కుదరదు. మిగతా వివరాల్లో మార్పులుంటే నిబంధనల ప్రకారం ఆర్సీలో నమోదు చేయించుకోవచ్చు.

‘ఆర్సీలో డ్రైవ్ గురించి ఒక్క ముక్కా లేదు కదా’ అని మీకు అనిపించవచ్చు. పని ఎంత లోతుదో చూడండి. గేర్‌బాక్స్ వెనక ట్రాన్స్‌ఫర్ కేసు బిగించాలి. ముందు వైపు డిఫరెన్షియల్, యాక్సిల్, ఇంకో ప్రొపెల్లర్ షాఫ్ట్ చేర్చాలి. వాటిని పట్టి ఉంచడానికి ఛాసిస్‌కు వెల్డింగ్ పెట్టాలి, లివర్ కోసం క్యాబిన్ అడుగున రేకు కోయాలి. ఇవన్నీ చేరితే ఖాళీ బండి బరువు పెరుగుతుంది. ఆ బరువు ఆర్సీలో రాసి ఉంటుంది. పైగా ప్రతి మోడల్‌కూ ఏఆర్ఏఐ వంటి సంస్థల పరీక్ష, ఆమోదం ఉంటాయి. షెడ్డులో బిగించిన బండికి ఆ పరీక్ష ఎవరూ చేయలేదు.

సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ కిట్లకు 52వ సెక్షనే షరతులతో దారి ఇచ్చింది. దివ్యాంగుల కోసం బండిని మార్చుకునే వీలూ ఉంది. ఫలానా అవసరానికని ఇతర మార్పులకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వానిది, మెకానిక్‌ది కాదు.

కాదని చేయిస్తే 2019 సవరణతో వచ్చిన 182ఎ(4) సెక్షన్ వర్తిస్తుంది. ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇది యజమానికి పడే శిక్ష. చట్టం ‘డీలర్’ అన్న మాటలో బండ్లు రిపేరు చేసేవారిని కూడా చేర్చింది కాబట్టి, మీ మెకానిక్ కూడా చిక్కుల్లో పడవచ్చు. మీది సరుకు బండి, ఎనిమిదేళ్లు దాటింది. అంటే ఏటా ఎఫ్‌సీకి వెళ్లాల్సిందే. కొత్త వెల్డింగు అక్కడ కంటపడకుండా ఉండదు. ప్రమాదం జరిగి సొంత బండి నష్టానికి క్లెయిమ్ వేస్తే, చెప్పకుండా చేసిన మార్పును చూపి బీమా కంపెనీ పేచీ పెడుతుంది.

అయితే మీకూ హక్కులున్నాయి. 53వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేసే ముందు అధికారి మీ వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆయన ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే, అందిన 30 రోజుల్లోపు 57వ సెక్షన్ కింద అప్పీలు వేసుకోవచ్చు. ఏ చిన్న మార్పైనా సరే, ముందే రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, రసీదు తీసుకోండి. బండి మీద ఫైనాన్స్ ఉంటే వారి రాతపూర్వక అంగీకారం కూడా తీసుకోండి.

‘అంతా చట్టబద్ధమే’ అని నమ్మబలికి డబ్బు తీసుకున్న గ్యారేజీ మీద రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం బండి నడుపుకొనేవారిని చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. బిల్లు, ఫోన్ మెసేజీలు దాచుకోండి.

ఫోర్ బై ఫోర్ తప్పనిసరైతే, కంపెనీ నుంచే అలా వచ్చిన బండిని కొనండి. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్‌లో ఫోర్ బై ఫోర్ ఉంది. సెకండ్‌హ్యాండ్ అయితే ఆర్సీలోని మోడల్ పేరు ఫోర్ బై ఫోర్ వేరియంట్‌దేనా, ఛాసిస్ నంబరు సరిపోతోందా చూసుకోండి. ఆ తర్వాత బండి కిందికి టార్చి వేసి చూడండి. ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర ఛాసిస్‌కు వెల్డింగ్ మచ్చలున్నా, లివర్ దిగిన చోట రేకు అంచు గరుకుగా కోసినట్టున్నా, అడ్వాన్సు ఇవ్వకుండా వెనక్కి వచ్చేయండి.