మంచినీటి సరస్సులలో మునుగుట

గట్టున నిలిచి చెఱువు లోతు చెప్పగలవారెవ్వరు? నీరు నిశ్చలముగా నున్నంత మాత్రమున నది క్షేమకరమని తలచుట పొరపాటు. 1943వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమందు కూస్తో, గాన్యాన్ అను నిరువురు, వీపున ధరించిన సీసాలోని గాలిని కావలసినంత మాత్రమే నోటికందించు యంత్రమును నిర్మించిరి. ఇట్టి సాధనముతో నీటిలో సంచరించుటను స్కూబా యందురు. సముద్రము దూరమైనవారు దీనికై మంచినీటి సరస్సులను వెదకుదురు. వానిని ఎన్నుకొను విధమును విచారింతము.

మొదటిది నిర్మలత్వము. 1865లో ఇటలీ దేశపు జ్యోతిశ్శాస్త్రవేత్త సెక్కీ తెల్లని పళ్లెమును నీటిలోనికి దింపి, అది కనుమరుగగు లోతును కొలిచెను. నేటికిని సరస్సుల తేటదనమును ఇట్లే పరీక్షింతురు. ఐస్లాండులోని థింగ్వల్లావాత్న్ సరస్సు అంచుననున్న సిల్ఫ్రా యను పగులులో నూరు మీటర్ల దూరము వఱకు కనబడును. హిమానీనదము కరగిన నీరు అనేక సంవత్సరములు లావా రాతిగుండా వడగట్టబడి అచ్చటికి చేరుటయే యిందుకు కారణము.

రెండవది చలి. నీరు సుమారు 4 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మిక్కిలి బరువుగా నుండును. కావున చలిదేశములలోని లోతైన సరస్సులందు వేసవిలో పైనీరు వెచ్చగానున్నను, కొంత దిగినంతనే చలి తటాలున తగులును. ప్రపంచమున కెల్ల లోతైన బైకాల్ సరస్సు 1,642 మీటర్ల లోతు కలది. ఆఫ్రికాలోని మలావీ సరస్సు వెచ్చనిది, రంగురంగుల చేపలకు నిలయము. అయినను అచ్చటి నత్తలవలన వ్యాపించు బిల్హార్జియా వ్యాధిని మఱువరాదు.

మూడవది స్థలముయొక్క ఎత్తు. దక్షిణ అమెరికాలోని టిటికాకా సరస్సు సముద్రమట్టమునకు సుమారు 3,800 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట గాలి యొత్తిడి తక్కువ. లోతున రక్తములో కరగిన నత్రజని, వేగముగా పైకి వచ్చినచో బుడగలై ప్రాణాపాయము కలిగించును. మెట్లు మెట్లుగా పైకి వచ్చు పద్ధతిని హాల్డేన్ పండితుడు సహచరులతో గూడి 1908లో ప్రకటించెను. సముద్రమట్టమునకు వ్రాసిన లెక్కలు కొండ సరస్సులకు సరిపడవు. మఱియు మంచినీరు ఉప్పునీటికంటె తేలిక గనుక, సముద్రమున కట్టుకొను సీసపు బరువులను ఇచ్చట తగ్గింపవలెను.

నాలుగవది అడుగు. బురద, నాచు, మునిగిన చెట్లు, పాత వలలు ఉన్నవేమో స్థానికులను అడుగవలెను. మన కొల్లేరు విశాలమైనదే గాని లోతు స్వల్పము. అది పక్షులకును చేపలకును తగినది గాని యీ విద్యకు తగదు.

ఈ పాఠము చెప్పిన దినమున మేము ఒక డబ్బామూతకు తెల్లరంగు పూసి, త్రాటికి కట్టి, ఊరి చెఱువులో దింపించితిమి. మూరెడు లోతుననే యది మాయమాయెను. బాలురు నవ్వుట మానిరి. ఏలయన, ప్రతి వేసవిలోను వారు ఆ గట్టునుండియే తలక్రిందుగా దూకుచుండిరి. అడుగున రాయి యున్నదో మొద్దు యున్నదో వారిలో నొక్కడును ఎఱుగడు.

కావున విద్యార్థులారా, తెలియని నీట దూకకుడు. ఒంటరిగా దిగకుడు. పెద్దలై యీ విద్య నేర్చినప్పుడు, పైకి వచ్చునపుడు ఊపిరి బిగబట్టకుడు. పది మీటర్ల లోతున పీల్చిన గాలి పైకి వచ్చునప్పటికి రెండింతలగును. ముందు కొలిచి, పిమ్మట దిగుడు.